పిల్లులున్నవాళ్ళ తొట్టి

రత్తమ్మ చేతుల గురించి చెప్పాలంటే ముందు ఆమె పిల్లి గురించి చెప్పాలి. పిల్లి పేరు తాసీల్దారు.

ఆ పేరు పెట్టింది ఆమె భర్త కాశీరావు. బూడిదరంగు పోతుపిల్లి. మెడ కింద తెల్లటి మచ్చ. అరుగు మీద ఒక మూల కూర్చుని, దగ్గరికి వచ్చినవాళ్ళ చేతులు వాసన చూసి, నచ్చితే ఉండనిచ్చేది, నచ్చకపోతే తల తిప్పుకునేది.

"కూర్చున్నచోటి నుంచి కదలడు. అందరూ వచ్చి చేతులు చూపించుకుని పోవాలి. వీడు తాసీల్దారేనే," అన్నాడు కాశీరావు.

వాళ్ళది కృష్ణ కరకట్ట కింద పాలెం. వలలు, పడవలు, మట్టిగోడలు, ఇంటికీ ఇంటికీ మధ్య తాటాకు దడి. కాశీరావు ఏట్లో చేపలు పట్టేవాడు. రొయ్యల చెరువులు వచ్చాక పడవను తమ్ముడికి ఇచ్చేసి చెరువు కాపలాకి కుదిరాడు. ఆదివారం ఇంటికి వస్తాడు. మిగతా ఆరు రోజులూ గట్టు మీదే. కూతురు పెళ్ళయి నాగాయలంక వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది రత్తమ్మా, పిల్లీ.

1994లో ఆమె రొయ్యల షెడ్డులో చేరింది. చల్లపల్లి దాటాక అవనిగడ్డ రోడ్డు పక్కన పొడవాటి రేకుల షెడ్డు. యజమాని వెంకటప్పయ్య గారు. వాళ్ళ నాన్నగారి దాకా వరి పండించిన కుటుంబం. ఈయన హయాంలో పొలం చెరువైంది, కళ్ళం షెడ్డయింది.

పని చెప్పుకోవడానికి చిన్నది. ఎడమచేత్తో రొయ్యను పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలితో తల విరవాలి. పొట్టు ఒలవాలి. వీపులో ఉండే నల్లటి నరాన్ని తెగకుండా లాగాలి. తలకాయలు కింది తొట్టిలోకి, రొయ్య ఐసులోకి. రత్తమ్మకు చూపు అక్కర్లేదు. కళ్ళు పక్కనున్న మనిషి మీద, నోరు మాటల మీద, చేతులు రొయ్య మీద. బల్ల దగ్గర మొదటి చోటు ఆమెదే. కొత్తగా చేరినవాళ్ళను ఆమె ఎదురుగా నిలబెట్టేవారు, చూసి నేర్చుకొమ్మని. వాళ్ళు చూసేవారు. ఏమీ కనిపించేది కాదు.

సాయంత్రం కంపెనీ వ్యాను కరకట్ట మీద దింపేది. ఆ వ్యాను విజయవాడ ఆటోనగర్‌లో రెండుసార్లు పుట్టింది. తలుపు ఒక వ్యానుది, ముక్కు ఇంకో వ్యానుది. దాని చప్పుడు పాలేనికి ముందుగా తెలిసేది, అందరికంటే ముందు తాసీల్దారుకు. అది కట్ట ఎక్కి నిలబడేది. రత్తమ్మ దిగగానే తోక నిలబెట్టి ముందు నడిచేది. నాలుగడుగులకొకసారి ఆగి, వెనక్కి చూసి, వస్తోందని తేల్చుకుని మళ్ళీ నడిచేది.

ఇంటికి వచ్చాక ఆమె అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాపేది. పిల్లి ఎడమచేతి చిటికెనవేలితో మొదలుపెట్టి కుడిచేతి చిటికెనవేలి దాకా నాకేది. మధ్యలో తొందరపెడితే మళ్ళీ మొదటికి వచ్చేది.

అది అయ్యేదాకా ఆమె కదిలేది కాదు. పొయ్యి ఆగేది. నీళ్ళబిందె ఆగేది. తెల్లవారకముందే లేచిన మనిషికి రోజు మొత్తంలో ఏ పనీ లేని సమయం అదొక్కటే. ఆ సంగతి ఆమెకు తెలియదు. పిల్లి కోసం కూర్చుంటున్నాననుకునేది.

అలా నాలుగేళ్ళు గడిచాయి.

నాలుగో ఏట విదేశాల్లో సరుకు కొనేవాళ్ళు నిబంధనలు బిగించారు. వాటిని అమలు చేయడానికి సత్యశ్రీ వచ్చింది. ఇరవై మూడేళ్ళ అమ్మాయి. విజయవాడలో సూక్ష్మజీవుల చదువు చదివింది. మొదటి రోజు షెడ్డులో అడుగుపెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అరగంట తర్వాత తీసేసింది. ఆ తర్వాత ఎప్పుడూ పెట్టుకోలేదు. అందుకు ఆడవాళ్ళు ఆమెను కొంచెం మెచ్చుకున్నారు.

గాజులు తీసేయాలి. పూలు పెట్టుకోకూడదు. తెల్ల టోపీ, తెల్ల కోటు, మోకాళ్ళదాకా బూట్లు. అరగంటకొకసారి చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. పని అయ్యాక సబ్బుతో కడిగి ఇంకోసారి ముంచాలి. రొయ్య ముక్క కాదు, రొయ్య వాసన కూడా గేటు దాటకూడదు.

మొదటి సాయంత్రం తాసీల్దారు ఎప్పట్లాగే కట్ట ఎక్కింది. ఎప్పట్లాగే ముందు నడిచింది. రత్తమ్మ అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. పిల్లి ఎడమ చిటికెనవేలి దగ్గర ముక్కు పెట్టింది. తుమ్మింది. ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది, ఎవరి ఇంటికో పొరపాటున వచ్చినట్టు. దిగి వెళ్ళిపోయింది.

రెండోరోజు ఆమె చింతపండుతో తోముకుంది. మూడోరోజు సీకాయతో. నాలుగోరోజు పక్కింటి శౌరమ్మ దగ్గర చేపముక్క ఒకటి అడిగి తెచ్చి అరచేతులకు పులుముకుంది. చేప వాసన కింద క్లోరిన్ ఉన్నట్టు పిల్లికి తెలిసింది. పైగా చేప ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా తెలిసిపోయింది. ఐదోరోజు అది శౌరమ్మ అరుగు మీద ఉంది.

శౌరమ్మ ఇల్లు దడికి అవతల. ఆమె నెత్తళ్ళు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. చిన్న చేపలు. అరుగు నిండా వెండి పరిచినట్టు ఉంటాయి. వాటి పక్కన ఇప్పుడు తాసీల్దారు.

"నేను పిలవలా వదినా," అంది శౌరమ్మ దడి మీదుగా. "ఆయనంతట ఆయనే వచ్చాడు. ఇంటికొచ్చినోణ్ణి పొమ్మంటామా?"

"నెత్తళ్ళు ఆరబోసి పిలవలేదంటావేంటి?"

"ఎండబెట్టాలంటే ఆరబొయ్యరా? నీ పిల్లి చూస్తాడని పెట్టెలో పెట్టి ఎండబెట్టుకోవాలా?"

"అన్నం పెట్టావా?"

"తిన్నాడు."

"ఎంత?"

"చాలా," అంది శౌరమ్మ. ఆ మాట నెమ్మదిగా అంది.

ఆదివారం కాశీరావు వచ్చాడు. భార్య వంట చేయలేదు. అరుగు మీద కూర్చుని దడివైపు చూస్తోంది. సంగతి విన్నాడు.

"పాతికేళ్ళయింది మన పెళ్ళయి. నేను చెరువు మీదికి పోయినప్పుడు ఇంత దిగులు పడలా నువ్వు."

"నువ్వు ఆదివారం వస్తావుగా," అంది రత్తమ్మ.

షెడ్డులో ఆమె చేతులు నెమ్మదించాయి. నరం తెగుతోంది. తల విరిచిన రొయ్యను తొట్టిలో వేసి తలకాయను ఐసులో పెట్టింది ఒకసారి. సత్యశ్రీ అది చూసింది.

"రత్తమ్మ గారూ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ఎవరూ లేరండీ," అంది రత్తమ్మ.

సత్యశ్రీ తలనొప్పి మాత్ర ఇచ్చింది.

ఆ శుక్రవారం పని అయ్యాక, టోపీ తీసే చోట, రత్తమ్మ మూడు రొయ్య తలకాయలు కొప్పులో దోపుకుంది. పూలు ముడుచుకున్నంత సులువుగా అయిపోయింది. నాలుగేళ్ళలో ఆ షెడ్డు నుంచి ఆమె ఏదీ బయటికి తీసుకుపోలేదు. కాబట్టి దాచడం ఎలాగో ఆమెకు తెలియదు. టైగర్ రొయ్యకు జానెడు మీసం ఉంటుంది. రోజుకు కొన్ని వేల మీసాలు చూసే మనిషి ఆ మీసాన్ని మర్చిపోయింది.

గేటు దగ్గర తనిఖీ చేసేది మార్త.

"ఆగాగు," అంది మార్త. "రత్తమ్మక్కా, నీ నెత్తికి మీసం మొలిచిందేంటే?"

కొప్పులోంచి ఎర్రటి మీసం ఒకటి చెవి మీదుగా వేలాడుతూ గాలికి ఊగుతోంది. వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయారు. షెడ్డు నుంచి సరుకు బయటికి పోతే పని పోయినట్టే. అంతకుముందు ఇద్దరికి అలాగే పోయింది.

వెంకటప్పయ్య గారి బల్ల మీద కాగితం పరిచి, దాని మీద మూడు తలకాయలూ పెట్టారు. ఆయన వాటిని చూశాడు. అవీ ఆయన్ని చూస్తున్నట్టే ఉన్నాయి. సత్యశ్రీ ఒక పక్క, మార్త గుమ్మంలో. రత్తమ్మ మధ్యలో నిలబడింది, చేతులు వెనక్కి పెట్టుకుని.

"కూరకా?" అన్నాడాయన.

"మూడింటితో ఏం కూరవుద్దండీ?"

"మరి? చెప్పు. నువ్విట్టాంటి మనిషివి కాదుగా."

"తాసీల్దారు కోసమండీ."

వెంకటప్పయ్య గారు కుర్చీలో సర్దుకున్నాడు. సత్యశ్రీ వైపు చూశాడు.

"వాళ్ళ పిల్లండీ," అంది గుమ్మంలోంచి మార్త. "పోతుపిల్లి. పేరది."

"పిల్లికి పెట్టడానికా?"

"పెట్టడానికి కాదండీ. నాకు పులుముకోడానికి." రత్తమ్మ చేతులు ముందుకు తెచ్చి చూసుకుంది. తెల్లగా, ముడతలు పడి, కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. "ఆ క్లోరిన్ నీళ్ళొచ్చిన కాణ్ణుంచి నా చేతుల్ని గుర్తుపట్టట్లేదండీ. మూతి పెడతాడు, తుమ్ముతాడు, పోతాడు. ఇప్పుడు శౌరమ్మ ఇంట్లో ఉంటన్నాడు. ఇవి మూడు నలిపి రాసుకుంటే చూస్తాడేమోనని. నాలుగేళ్ళయిందండీ, రోజూ చేతులు నాకించుకుని లేవడమే అలవాటు."

గదిలో పంకా తిరుగుతోంది. సత్యశ్రీ నవ్వు ఆపుకోవడానికి కాగితాల్లోకి చూసింది. వెంకటప్పయ్య గారు నవ్వలేదు.

"మా అమ్మ పుట్టింటికెళ్ళినప్పుడు మా గేదె పాలిచ్చేది కాదు," అన్నాడాయన. "మా నాన్న వెళ్తే తన్నేది. నాలుగు రోజులు చూశాడు. ఐదోరోజు పొద్దున్నే మా అమ్మ విడిచిన చీర చుట్టుకుని వెళ్ళాడు. నెత్తిన కొంగు కూడా కప్పుకున్నాడు."

"ఇచ్చిందాండీ?" అంది మార్త.

"ఇయ్యకేం. మా అమ్మకిచ్చేదానికంటే సోలెడు ఎక్కువిచ్చింది. ఆ మాట మా అమ్మ చచ్చేదాకా ఒప్పుకోలా." ఆయన సత్యశ్రీ వైపు తిరిగాడు. "మీకు తెలుసుగా అమ్మా, గేదెల సంగతి?"

"మాకు పాలు ప్యాకెట్‌లో వస్తాయండీ," అంది సత్యశ్రీ.

ఆయన రత్తమ్మను అడిగాడు.

"నిన్ను పన్లోంచి తీసేస్తే చేతులకి క్లోరిన్ ఉండదు. పిల్లి వచ్చుద్ది. తీసెయ్యమంటావా?"

రత్తమ్మ ఆ ప్రశ్నను సరదాగా తీసుకోలేదు. రెండు వైపులా ఆలోచించింది.

"పని పోతే రొయ్య వాసన కూడా ఉండదుగా అండీ. అప్పుడసలు నేనెవరో ఎట్టా తెలుసుద్ది?"

"అదీ నిజమే," అన్నాడు వెంకటప్పయ్య గారు. "అమ్మా సత్యశ్రీ, దీనికేదన్నా చూడండి."

"ఏం చూడమంటారండీ? వాసన గేటు దాటకూడదని మనమే రాశాం."

"సరుకు దాటకూడదు. వాసనకేముంది? గాలి దాటట్లేదూ? పోయేటప్పుడు తలకాయల నీళ్ళలో చేతులు ముంచుకుని పోనియ్యండి."

"ఇప్పుడు ముంచి పంపిస్తే రేపొద్దున అవే చేతుల్తో లోపలికొస్తారు కదండీ."

"రేపొద్దునకి మీ క్లోరిన్ ఉందిగా."

సత్యశ్రీ అందులో తప్పు వెతికింది. చదివిన చదువులో ఎక్కడా దొరకలేదు.

మర్నాడు గేటు బయట, తలకాయలు తీసుకుపోయే బండి నిలబడే చోట, నీలంరంగు డ్రమ్మును సగానికి కోసి పెట్టారు. అందులో ఆ రోజు తలకాయల నీళ్ళు. పక్కన రేకు మీద సత్యశ్రీ రాయించింది: "ఇంట్లో పిల్లి ఉన్నవారు మాత్రమే. మణికట్టు వరకు. ఒకసారి ముంచిన తర్వాత లోపలికి రాకూడదు."

ఎవరికి పిల్లి ఉందో ఒక పుస్తకంలో రాసుకోవాలని కూడా నిర్ణయించింది. మొదటి పేరు రత్తమ్మది. పాలెం నుంచి వచ్చే తొమ్మిది మందీ తమకు పిల్లులున్నాయన్నారు. నిజంగా ఉన్నది ముగ్గురికి.

ఆ సాయంత్రం వ్యానులో తొమ్మిది మందీ చేతులు ఒళ్ళో పెట్టుకోలేక, గాలిలో పట్టుకుని కూర్చున్నారు. డ్రైవరు రాంబాబు అద్దాలన్నీ దించాడు. తర్వాత తల బయట పెట్టాడు.

"అమ్మా, నాకు పిల్లి లేదు. ముక్కుంది," అన్నాడు.

"ముక్కున్నోళ్ళకి ఇంకా ఏం రాయలేదు. మేడంగార్ని అడుగు," అన్నారు వెనక నుంచి.

రత్తమ్మ చేతులు ముందు సీటు కమ్మీకి తగలకుండా పట్టుకుంది. నది పక్కన వచ్చింది. కట్ట వచ్చింది.

కట్ట మీద పిల్లి లేదు. శౌరమ్మ అరుగు మీద, నెత్తళ్ళ పక్కన, కళ్ళు మూసుకుని ఉంది.

తొమ్మిది మందీ దిగారు. గాలి ఏటి వైపు నుంచి పాలెంలోకి వీస్తోంది. ముందు ఒక చెవి లేచింది. తర్వాత రెండోది. తాసీల్దారు లేచి, ఒళ్ళు విరుచుకుని, దడి కన్నంలోంచి దూరి, కట్ట ఎక్కింది.

ముందు వరసలో రామతులసి ఉంది. పిల్లి ఆమె చేతులు నాకింది. పక్కావిడ చేతులు నాకింది. ఆ పక్కావిడవి కూడా. ఎవరి చేతులకూ ముఖం లేనట్టే ఉంది దానికి. అందరివీ ఒకే వాసన. రత్తమ్మ చివర నిలబడి అది చూసింది. తన కోసం కాదు, రొయ్య కోసమే అది నాలుగేళ్ళుగా ఎదురుచూసిందా అన్న ఆలోచన ఆమెకు అప్పుడు వచ్చింది. చేతులు దించేసింది.

తాసీల్దారు ఎనిమిదో మనిషిని ముగించి ఆమె దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. నాకలేదు.

తోక నిలబెట్టి కట్ట దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి చూసింది.

"పో వదినా," అంది దడి అవతల నుంచి శౌరమ్మ. "పిలుస్తన్నాడుగా."

అరుగు మీద రత్తమ్మ కూర్చుంది. పిల్లి ఎడమ చిటికెనవేలితో మొదలుపెట్టింది. ఆ రోజు పొయ్యి చాలాసేపు ఆగింది.

నెల తిరిగేసరికి పుస్తకంలో ముప్పై ఒక్క పేర్లు. పిల్లులు లేనివాళ్ళు పిల్లుల్ని తెచ్చుకున్నారు. గేటు దగ్గర మార్తకు కుక్క ఉంది.

"పిల్లున్నోళ్ళకే సౌకర్యమా? కుక్కున్నోళ్ళు మనుషులు కారాండీ?" అని అడిగింది. కుక్కకు చోటు దొరికింది. ఐసు గదిలో పనిచేసే మరియదాసు ఇంట్లో రామచిలక ఉంది. దానికి రొయ్య వాసన పనికిరాదు కాబట్టి క్యాంటీనులో రోజుకు రెండు పచ్చిమిరపకాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. పిల్లి ఈనితే ఒక పూట సెలవు కావాలని రామతులసి అడిగినప్పుడు సత్యశ్రీ మొదట కుదరదంది. తర్వాత ఏడాదికి ఒక్క ఈతకు మాత్రం ఒప్పుకుంది.

సరుకు కొనేవాళ్ళ మనుషులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ నీలం తొట్టి దగ్గర ఆగారు. ఇదేమిటన్నారు. సత్యశ్రీ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. ఇద్దరిలో పెద్దాయన వంగి వాసన చూసి, వెనక్కి జరిగి, ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఎవరికీ తెలియదు. సరుకు మాత్రం వెనక్కి రాలేదు.

రత్తమ్మ చేతులు మళ్ళీ చూపు అక్కర్లేకుండా పనిచేశాయి. తాసీల్దారు సగం మధ్యాహ్నాలు శౌరమ్మ అరుగు మీదే గడిపేది. సాయంత్రం వ్యాను చప్పుడు వినగానే కట్ట మీద ఉండేది. వదినా మరదళ్ళు ఆ సంగతి గురించి మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. శౌరమ్మ అప్పుడప్పుడు ఎంత తిన్నాడో మాత్రం చెప్పేది.

2003 ఎండాకాలంలో తాసీల్దారు చనిపోయింది. ముసలిదైంది. మధ్యాహ్నం అరుగు మీద తన మూలలోనే నిద్రపోయి మళ్ళీ లేవలేదు. ఆ రోజు ఆదివారం. కాశీరావు కట్ట అవతల గొయ్యి తీశాడు. శౌరమ్మ గుప్పెడు నెత్తళ్ళు తెచ్చి వేసింది.

సోమవారం రత్తమ్మ పనికి వచ్చింది. సాయంత్రం తొట్టి దగ్గర వరసలో నిలబడి మణికట్టు వరకు చేతులు ముంచింది. మంగళవారం కూడా. మార్త చూసింది, వరసలో ఉండనిచ్చింది. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఆ ఏడు పుస్తకం కొత్తగా రాసే రోజు వచ్చింది. సత్యశ్రీ ఇప్పుడు మేనేజరు. అయినా ఆ పుస్తకం మాత్రం తనే రాస్తుంది. ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతోంది. మొదటి పేరు రత్తమ్మది.

"పిల్లి ఉందా రత్తమ్మ గారూ?" అని అడిగి, జవాబు తనకు తెలుసని గుర్తొచ్చి, కలం ఆపింది.

"లేదండీ," అంది రత్తమ్మ.

"ఇంకోదాన్ని తెచ్చుకుంటారా?"

"లేదండీ."

సత్యశ్రీ పుస్తకంలోకి చూసింది. "మరి రోజూ ముంచుతున్నారటగా."

రత్తమ్మ చేతులు చూసుకుంది.

"వ్యాను దిగేచోట మిగతావాళ్ళ పిల్లులన్నీ కూచునుంటయ్యండీ. అన్నీ ఎరిగినయ్యే. వాటి మధ్యలోంచి ఉత్త చేతుల్తో ఎట్టా నడిచిపోతానండీ?"

సత్యశ్రీ మొదటి గీత మీద రత్తమ్మ పేరు రాసింది. పక్క గడిలో, పిల్లి పేరు రాయవలసినచోట, "అన్నీ" అని రాసింది.